వాంపైర్‌ను ఊరూరా తిప్పింది పత్రికలే, జాబితా అయినా సరిగ్గా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు ఆఖరి వారం వచ్చేసరికి "హాలోవీన్ రాత్రికి పది సినిమాలు" అని సినిమా పేజీల్లో ఒక జాబితా పడుతుంది. ఈసారి మీ ఆదివారం అనుబంధంలోనూ వచ్చింది. అందులోని సినిమాలతో మాకు పేచీ లేదు. కలిపికొట్టు కావేటి రంగా అన్నట్టు వేసిన తీరుతోనే పేచీ. 1922 నాటి మూకీ పక్కన 2014 నాటి కామెడీ, దాని పక్కన ముసుగేసుకుని కత్తి పట్టుకు తిరిగేవాడి సినిమా. ఏది ముందు చూడాలో, ఏది చూశాక ఏది చూడాలో ఒక్క ముక్క లేదు. పైగా పక్కన గడి కట్టి మరీ రాశారు: వాంపైర్, అంటే సమాధిలోంచి లేచి నెత్తురు తాగే శవం, అద్దంలో కనిపించదు, ఎండ తగిలితే బూడిదవుతుంది, వెల్లుల్లికి జడుస్తుంది, ఇవన్నీ తూర్పు యూరప్ పల్లెల్లో వందల ఏళ్ళ నాటి నమ్మకాలు అని. ఆ మూడింట్లో పల్లెల నుంచి వచ్చింది వెల్లుల్లి ఒక్కటే. అద్దం బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాక్యులా నవల చలవ. ఎండ సినిమావాళ్ళ చలవ.

ఇదేదో పండితుల పట్టింపు అనుకుని పక్కన పెట్టకండి. మీ జాబితాలో సగం సినిమాలు, తాము హారర్ సినిమాలమని తమకే తెలిసిన సినిమాలు. వాటిలో పాత్రలు కూడా మనలాగే పాత దెయ్యాల సినిమాలన్నీ చూసినవాళ్ళు. నియమాలు నోటికి అప్పజెప్పేవాళ్ళు. నవ్వైనా, జడుపైనా ఆ నియమం నిలబడుతుందా తప్పుతుందా అన్న దగ్గరే పుడుతుంది. నియమం ఎక్కడ పెట్టారో చూడనివాడికి, అది తప్పినప్పుడు తప్పిందని కూడా తెలియదు. పేకాట రానివాడి ముందు జోకర్ వేసినట్టే.

ముందు మీ వృత్తి చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. వాంపైర్ అనే మాట యూరప్ అంతటా పాకింది మంత్రగాళ్ళ వల్ల కాదు, పత్రికల వల్ల. వియన్నాలో వీనరిషెస్ డయేరియం అని ఒక పత్రిక ఉండేది. 1703లో మొదలై, తర్వాత వీనర్ సైటుంగ్‌గా పేరు మార్చుకుని, 2023 జూన్ 30 దాకా దినపత్రికగా అచ్చయింది. 1725 జులై 21న ఆ పత్రిక ఒక ప్రభుత్వోద్యోగి నివేదిక వేసింది. అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలో కిసిల్యెవో అనే పల్లె. అక్కడ పేటర్ బ్లాగోయెవిచ్ అనే అతను చనిపోయి పూడ్చిపెట్టి పది వారాలైంది. ఈలోగా ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు, ఒక్కొక్కరూ ఒక్క రోజు జబ్బుతోనే. నిద్రలో పేటర్ వచ్చి మీద పడి గొంతు నులిమాడని మంచంలో ఉండగా చెప్పారట. అతని పెళ్ళాం అప్పటికే ఊరొదిలి పోయింది; మొగుడు ఇంటికొచ్చి తన చెప్పులు అడిగాడని చెప్పి మరీ వెళ్ళింది.

ఆ ఉద్యోగి పేరు ఫ్రోంబాల్డ్. బెల్‌గ్రేడ్ నుంచి అనుమతి వచ్చేదాకా సమాధి ముట్టుకోవద్దన్నాడు. అంతవరకూ ఊరు మిగలదు, మేమే ఖాళీ చేసి పోతాం అన్నారు జనం. చివరికి తవ్వారు, గుండెలో కొయ్య దించారు, కాల్చేశారు. నివేదిక ఆఖర్న ఫ్రోంబాల్డ్ రాసుకున్న ముక్కను మన ఏ తహసీల్దారు ఆఫీసు ఫైల్లో పెట్టినా అతికినట్టుంటుంది: ఇందులో ఏదన్నా తప్పు జరిగి ఉంటే అది నాది కాదు, భయంతో ఒళ్ళు తెలియని జనానిది అని.

ఏడేళ్ళ తర్వాత మెద్వెజా అనే మరో సెర్బియా పల్లెలో ఇదే గోల. ఫ్లూకింగర్ అనే సైనిక వైద్యుడు శవాలను ఒక్కొక్కటిగా పరీక్షించి 1732 జనవరి 26న నివేదిక ఇచ్చాడు. మార్చి 11కల్లా ఆ కథ లండన్ జర్నల్‌లో ఇంగ్లీషులో వచ్చేసింది. టెలిగ్రాఫ్ లేని రోజుల్లో ఇది తక్కువ వేగం కాదు.

ఆ నివేదికల్లో కనిపించే వాంపైర్‌కు, సినిమా వాంపైర్‌కు పోలికే లేదు. పాలిపోయిన ముఖం, నల్ల కోటు, దొరబాబు నడక, పొడుగు కోరలు ఏవీ లేవు. ఉన్నది ఉబ్బి, ఎర్రబడి, బాగా తిని బలిసినట్టున్న పల్లెటూరి శవం. మిలిట్సా అనే అరవై ఏళ్ళావిడ బతికినన్నాళ్ళూ బక్కపలచగా ఉండేదని, సమాధిలోకి వెళ్ళాక ఒళ్ళు చేసిందేమిటని ఆమెను ఎరిగినవాళ్ళు విస్తుపోయారని ఫ్లూకింగర్ రాశాడు.

ఆ విస్తుపాటుకు జవాబు మార్చురీలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. శవం కుళ్ళేటప్పుడు పేగుల్లోని బాక్టీరియా గ్యాసు పుట్టిస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, ఒళ్ళు నిండినట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని ముదురెరుపు ద్రవం నోట్లోంచీ ముక్కులోంచీ పైకి తన్నుకొస్తుంది. ఊరివాళ్ళు తాజా నెత్తురన్నది దాన్నే. పైతోలు గోళ్ళతో సహా ఊడి వస్తుంది. కింద పచ్చిగా ఎర్రగా కనిపించే పొర కొత్త చర్మం, గోరు కింది మెత్తటి చోటు కొత్త గోరు అయిపోయాయి. ముఖం మీది చర్మం ఎండి వెనక్కి లాగితే, లోపలున్న గడ్డం బయటపడి పెరిగినట్టుంటుంది. పోయిన కొన్ని గంటలకు బిగుసుకునే కాళ్ళూ చేతులూ రెండు మూడు రోజుల్లో మళ్ళీ సడలుతాయి కాబట్టి చెయ్యి వంచితే వంగడంలో వింత లేదు. ఇక ఉబ్బిన ఛాతీలో కొయ్య దిగేసరికి లోపలి గ్యాసు గొంతులోంచి ఒక్కసారిగా తోసుకొస్తుంది. శవం మూలుగుతుంది. మెద్వెజాలో అర్నాల్డ్ పావొలె అనేవాడి శవం కొయ్య దించినప్పుడు మూలిగిందని రాసిన మాట అబద్ధం కానక్కర్లేదు. ఒకే శ్మశానంలో కొన్ని శవాలు కుళ్ళి కొన్ని చెక్కుచెదరకుండా ఉండడం కూడా అంతే. చలికాలపు నేల, గొయ్యి లోతు, తడి, ఇవన్నీ కలిసి ఆడే ఆట. కానీ గొయ్యి ఎప్పుడూ తవ్వి చూడని మనిషికి అది ఎలా తెలుస్తుంది? మొదటిసారి చూసేది భయంతో తవ్వినప్పుడే.

ఈ పావొలె సంగతి ఇంకొకటి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. బతికున్నప్పుడు తనను ఒక వాంపైర్ పీడించిందని, దాని సమాధి మట్టి తిని, దాని నెత్తురు ఒంటికి పూసుకుని వదిలించుకున్నానని చెప్పుకునేవాడట. గడ్డిబండి మీంచి పడి మెడ విరిగి చచ్చాడు. అంటే పల్లె నమ్మకంలో సమాధి మట్టి మందు. నవలలోకి వచ్చేసరికి అదే మట్టి వాంపైర్‌కు పరుపైంది. డ్రాక్యులా ఇంగ్లండ్‌కు యాభై పెట్టెల మట్టి వెంట తెచ్చుకుంటాడు.

గసగసాలో, చిరుధాన్యాలో సమాధి మీదా దారి పొడవునా చల్లడం కూడా పల్లెల్లోదే. ఆ గింజలన్నీ ఏరి లెక్కపెట్టేలోగా తెల్లారిపోతుంది. గబ్బిలం మాత్రం ఆ పల్లెలది కాదు. నెత్తురు తాగే గబ్బిలాలు మూడే మూడు జాతులు, మూడూ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన పాత గుళ్ళలో వేలాడేవాటికి ఆ నింద వేయనక్కర్లేదు.

ఈ తవ్వకాలను 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా తెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహా మీద నిషేధించింది. అక్కడితో ఆగిందా? 1892 మార్చి 17న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, ఎక్సెటర్ అనే ఊళ్ళో, మెర్సీ బ్రౌన్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి శవాన్ని బయటికి తీశారు. జనవరిలో క్షయతో పోయింది. అంతకుముందే తల్లీ, అక్కా అదే జబ్బుతో పోయారు, అన్న ఎడ్విన్ మంచం పట్టాడు. తల్లీ, అక్కా ఎముకలైపోయారు; మెర్సీ శవం చెడలేదు, గుండెలో నెత్తురుంది. ఎందుకుండదు? ఆమెను ఉంచింది నేల మీద కట్టిన రాతి గదిలో, ఆ దేశపు నడి చలికాలంలో, రెండు నెలలు మాత్రమే. ఐస్‌పెట్టెలో పెట్టినట్టే. పరీక్షించిన డాక్టరు ఇందులో వింతేం లేదని చెప్పాడు కూడా. వినలేదు. గుండె, కాలేయం కాల్చి ఆ బూడిద నీళ్ళలో కలిపి ఎడ్విన్‌కు తాగించారు. మే నెలలో అతనూ పోయాడు. క్షయ క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త కాక్ కనిపెట్టి అప్పటికి పదేళ్ళు. ఆ ఊరివాళ్ళెవరూ తమ నోటితో వాంపైర్ అనలేదు, ఆ పేరు తగిలించింది పత్రికలే. న్యూ ఇంగ్లండ్ వాంపైర్ల గురించి 1896లో న్యూయార్క్ వరల్డ్ వేసిన వార్త కత్తిరింపు ఒకటి, డ్రాక్యులా నవల కోసం బ్రామ్ స్టోకర్ దాచుకున్న కాగితాల్లో దొరికింది. నవల 1897లో వచ్చింది. మీ వృత్తి మీద ఇంత నింద ఎందుకు మోపుతున్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక మీ వ్యాసంలో "మన బేతాళుడు కూడా ఒక వాంపైరే" అన్నారు. కాదు. ఆ పేరు పెట్టింది ఇంగ్లీషు రచయిత రిచర్డ్ బర్టన్. 1870లో బేతాళ కథలను ఇంగ్లీషులో చెబుతూ విక్రముణ్ణి, వాంపైర్‌ను జంట చేసి పుస్తకానికి పేరు పెట్టాడు. అది మళ్ళీ తిరిగి మన దగ్గరికే వచ్చింది. బేతాళుడు ఎవరి నెత్తురూ తాగడు. పరాయి శవంలో దూరి, చెట్టుకు వేలాడి, కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేస్తాడు. వాంపైర్ తన శవంలోనే లేస్తుంది, వెతుక్కుంటూ ఇంటికే వస్తుంది, చెప్పులడుగుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. వాంపైర్ భయానికి పూడ్చిన శవం కావాలి, దాన్ని మళ్ళీ తవ్వి చూసే వీలుండాలి. మనలో ఖననం చేసేవాళ్ళు చాలామంది ఉన్నా, ఊరి ఊహలో దెయ్యానికి ఒళ్ళుండదు. అందుకే అది ఎవరినో పడుతుంది, పూనుతుంది. వైద్యం శవానికి కాదు, పట్టిన మనిషికి, వేపమండలతో. అక్కడ పార, కొయ్య, నిప్పు.

అయితే బేతాళుడి ప్రస్తావన వృథా ఏమీ కాదు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది. చెప్పడానికి నోరు తెరిస్తే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది. రెండు నియమాలూ ముందే వినిపించి, రాజుతో పాటు మనల్నీ ఇరికించే ఆట అది. చందమామలో శంకర్ బొమ్మ చూడగానే, చివర్లో ఏం జరుగుతుందో తెలిసి కూడా చదివాం. తన సంగతి తనకు తెలిసిన హారర్ సినిమా ఆడేది సరిగ్గా ఈ ఆటే. తెలుగువాడికి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇప్పుడు నియమాల మూటలు మూడూ విడదీద్దాం. కొయ్య, నిప్పు, వెల్లుల్లి, గింజలు సమాధి దగ్గర నుంచి వచ్చాయి. అద్దంలో ప్రతిబింబం లేకపోవడం, నీడ పడకపోవడం, ఇంట్లోవాళ్ళు పిలవందే మొదటిసారి గడప దాటలేకపోవడం, మట్టి పెట్టెలు నవల స్థిరపరిచినవి. ఎండకు కరిగిపోవడం సినిమా పెట్టింది. స్టోకర్ డ్రాక్యులా లండన్‌లో పట్టపగలు వీధిలో తిరుగుతాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. చచ్చేది కూడా కొయ్యతో కాదు. ఒకరు గూర్ఖాల కుక్రీతో గొంతు కోస్తారు, ఇంకొకరు బౌయీ కత్తి గుండెలో దించుతారు. నవల చదవకుండా నవల గురించి రాసేవాళ్ళను పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు.

ఎండ నియమం పెట్టింది 1922లో మూర్నౌ తీసిన జర్మన్ మూకీ నోస్‌ఫెరాటు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్‌కు చెప్పకుండా, పేర్లు మాత్రం మార్చి నవలను వాడుకున్నారు. ఆమె కోర్టుకెక్కింది. 1925లో ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. అప్పటికే దేశాలు దాటిన ప్రింట్లు మిగిలాయి కాబట్టి సినిమా బతికింది, ఎండ నియమం బతికింది. ఇందులోని వాంపైర్, కౌంట్ ఆర్లాక్ నీడ మెట్లెక్కే దృశ్యం ఎంత పేరున్నదో చెప్పక్కర్లేదు. నవల ప్రకారమైతే వాంపైర్‌కు నీడే ఉండకూడదు!

ఈ సినిమాతోనే జనం ఎక్కువగా దెబ్బతింటారు, తప్పు వాళ్ళది కాదు, కాపీది. ఆ రోజుల్లో రాత్రి దృశ్యాలు పగలే తీసి, ప్రింటుకు నీలిరంగు అద్దేవారు. నీలం అంటే రాత్రి, పసుపు అంటే దీపాల వెలుగు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే చాలా కాపీల్లో ఆ రంగులు పోయి ఉత్త నలుపు తెలుపే మిగిలింది. దాంతో ఆర్లాక్ తన శవపేటిక చంకలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధుల్లో నడిచినట్టు కనిపిస్తాడు. కాసేపటికి అదే మనిషి పొద్దుటి ఎండకు పొగై పోతాడు. చూసేవాడు ఇదేం తర్కం అనడా మరి? రెండో లోపం వేగం. సెకనుకు పద్దెనిమిది ఫ్రేముల లెక్కన నడవాల్సిన బొమ్మను ఇరవై నాలుగుతో తోలేస్తే మనుషులు తిరనాళ్ళలో కీలుబొమ్మల్లా పరిగెడతారు, భయం కాస్తా నవ్వులాటవుతుంది. కాబట్టి రంగులద్దిన పునరుద్ధరణ ప్రతినే చూడండి. దాని నిడివి దాదాపు 94 నిమిషాలు. గంట దాటి నాలుగైదు నిమిషాలకే అయిపోయే కాపీ కనబడితే పక్కన పెట్టేయండి. పాత్రల పేర్లు డ్రాక్యులా, హార్కర్ అని వచ్చినా కంగారు పడొద్దు, అమెరికాలో తిరిగిన కొన్ని ప్రింట్లలో నవల పేర్లు మళ్ళీ తగిలించారు.

మూకీ మా వల్ల కాదనేవాళ్ళు 1931 నాటి డ్రాక్యులాతో మొదలుపెట్టవచ్చు. 75 నిమిషాలే. మొదట్లో టైటిల్స్ మీద స్వాన్ లేక్ సంగీతం, మధ్యలో థియేటర్ సీనులో కాస్త, అంతకుమించి నేపథ్య సంగీతం లేదు. టీవీ పాడైందని సౌండు పెంచుకుంటూ పోకండి, ఆ నిశ్శబ్దమే దాని పద్ధతి. వాంపైర్‌ను వేటాడే వాన్ హెల్సింగ్ సిగరెట్ పెట్టె మూతలోని అద్దం చూసి, అందులో డ్రాక్యులా లేడని గమనించే చోటు మాత్రం వదలొద్దు. ఆ ఒక్క చూపు మీద తర్వాతి ఎన్నో సినిమాలు బతికాయి.

మీ వ్యాసం ప్రకారం, తన సంగతి తనకు తెలిసిన హారర్ 1996లో స్క్రీమ్‌తో మొదలైంది. దానికి పదకొండేళ్ళ ముందే, 1985లో, ఫ్రైట్ నైట్ ఉంది. అందులో పీటర్ విన్సెంట్ అనే ముసలి నటుడు టీవీలో పాత వాంపైర్ సినిమాలు వేసి కబుర్లు చెబుతుంటాడు. ఆ పేరే పీటర్ కుషింగ్, విన్సెంట్ ప్రైస్ అనే ఇద్దరు హారర్ నటుల పేర్లు అతికించి పెట్టింది. పక్కింట్లోకి నిజంగానే వాంపైర్ దిగిందని చార్లీ అనే కుర్రాడు వెళ్ళి ఇతని కాళ్ళావేళ్ళా పడతాడు. విన్సెంట్‌కు నమ్మకం లేదు, డబ్బు అవసరం ఉంది. చార్లీ స్నేహితురాలు 500 డాలర్లు ముట్టజెబితే ఒక పరీక్ష పెడతాడు. పక్కింటి జెర్రీ చేత పవిత్ర జలం తాగిస్తారు. జెర్రీ గటగటా తాగేస్తాడు, ఏమీ కాదు. ఎందుకు కాదంటే అది కుళాయి నీళ్ళు! అందరూ తేలికపడి బయల్దేరబోతుండగా విన్సెంట్ చేతిలోని చిన్న అద్దంలో జెర్రీ కనిపించడు. 1931 నాటి సిగరెట్ పెట్టె అద్దం చూసినవాడికి ఇక్కడ ఒళ్ళు జలదరిస్తుంది. చూడనివాడికి ముసలాయన ఎందుకు కంగారుపడ్డాడో అర్థమయ్యేలోగా సీను దాటిపోతుంది.

ఆ తర్వాత విన్సెంట్ తన సినిమాల్లో చేసినట్టే శిలువ ఎత్తి పట్టుకుంటాడు. జెర్రీ నవ్వుతాడు. అది పనిచేయాలంటే పట్టుకున్నవాడికి నమ్మకం ఉండాలంటాడు. ఏళ్ళ తరబడి శిలువ పట్టుకున్నట్టు నటించిన చెయ్యి అది, నమ్మకం ఎక్కడిది? శిలువ కొయ్యముక్కగా మిగిలిపోయే ఆ క్షణంలో ఒక పాత నియమం తప్పలేదు. దాని షరతు ఇంతకాలానికి బయటపడింది. నియమాన్ని ఎగతాళి చేయడం తేలిక. దానికి మరో మెలిక వేసి మళ్ళీ భయపెట్టడం కష్టం. ఫ్రైట్ నైట్ చేసింది ఆ రెండోది, అందుకే అది మా లెక్కలో స్క్రీమ్ కంటే ఒక మెట్టు పైన.

స్క్రీమ్‌ను తక్కువ చేయడం లేదు. దాన్ని చూసేముందు మాత్రం 1978 నాటి హాలోవీన్ అనే సినిమా తప్పనిసరి; 91 నిమిషాలు. ఎందుకంటే స్క్రీమ్ చివరి భాగమంతా ఒక ఇంట్లో ఆ పాత సినిమా టీవీలో ఆడుతుండగా జరుగుతుంది. ర్యాండీ అనే కుర్రాడు సోఫాలో కూర్చుని, తెర మీది నటి జేమీ లీ కర్టిస్‌తో "జేమీ, వెనక్కి చూడు" అని అరుస్తుంటాడు. అతని వెనకే హంతకుడు నిలబడి ఉంటాడు. ఆ కుర్రాడి వేషం వేసినవాడి పేరు కూడా జేమీయే. బయట వ్యానులో, రహస్య కెమెరా బొమ్మ చూస్తున్న ఇద్దరు ర్యాండీని "వెనక్కి చూడు" అని అరుస్తారు. ఆ తెర మీద బొమ్మ ముప్ఫై సెకన్లు ఆలస్యంగా వస్తుందని అప్పుడు గుర్తొస్తుంది. తలుపు తెరిచేసరికి హంతకుడు ముప్ఫై సెకన్ల ముందే బయల్దేరి అక్కడ ఉంటాడు. ఒకరు చూసే తెరను ఇంకొకరు, వాళ్ళ తెరను మనం. ఇందుకోసమే డబ్బింగ్ వద్దంటాం: టీవీలోని సినిమా మాటలు, గదిలోని మాటలు ఒకదాని మీద ఒకటి పడి వినిపించాలి. అసలు సౌండు పెట్టుకుని కింద సబ్‌టైటిల్స్ వేసుకోండి.

ఒక్క రాత్రికి మా లెక్క ఇది. నోస్‌ఫెరాటు 94 నిమిషాలు, ఫ్రైట్ నైట్ 106, చివరగా 2014 నాటి న్యూజీలాండ్ కామెడీ వాట్ వి డూ ఇన్ ది షాడోస్ 86. నడుమ రెండు పావుగంటల విరామాలు. సాయంత్రం ఆరున్నరకు మొదలెడితే పన్నెండుకు పావుగంట ముందు అయిపోతుంది. నియమం పెట్టడం, దానికి మెలిక వేయడం, దాన్ని సంసారంలో పడేయడం, ఆ వరస మార్చొద్దు. మూడోదాంట్లో వెల్లింగ్టన్‌లో ఒకే ఇంట్లో అద్దెకున్న నలుగురు వాంపైర్లు అయిదేళ్ళుగా తోమని గిన్నెల గురించి కొట్టుకుంటారు. పిలవందే గడప దాటకూడదన్న నియమం పాటిస్తూ, నైట్‌క్లబ్బుల గుమ్మాల దగ్గర నిలబడి లోపలికి రమ్మనమని కాపలావాళ్ళను బతిమాలుకుంటారు. ఒకతను అతిథి మెడ కొరికేముందు నేల పాడవకుండా పాత పేపర్లు పరుస్తాడు. (పత్రిక ఉపయోగాల్లో ఇదీ ఒకటి.) నేలమాళిగలో ఉండే ఎనిమిది వేల ఏళ్ళ పీటర్ ముఖం చూడగానే నవ్వు రావాలంటే ఆ రాత్రి ఆరున్నరకు ఆర్లాక్‌ను చూసి ఉండాలి. ఉచ్చారణల మీద ఆడిన జోకులు ఎక్కువ, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే నష్టం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో 31 సాయంత్రం పిల్లలు చాక్లెట్లకు తిరిగొచ్చేసరికి ఎనిమిదవుతుంది కాబట్టి ఈ లెక్క కుదరదు. పైగా ఫ్రైట్ నైట్, షాడోస్, స్క్రీమ్ మూడూ పెద్దలకే. పిల్లలతో చూడాలంటే 1948 నాటి అబాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్ వేయండి, 83 నిమిషాలు. డ్రాక్యులాగా వేసింది 1931లో వేసిన బేలా లుగోసీయే. సినిమాల్లో ఆయన ఆ పాత్ర వేసింది ఈ రెండుసార్లే. చుట్టూ ఎంత అల్లరి జరిగినా ఆయన మాత్రం ఒక్క క్షణం కూడా నవ్వించడానికి చూడడు. ఆ సినిమా నిలబడింది అందుకే. మన ఆనందో బ్రహ్మలో దెయ్యాలే మనుషులకు హడలిపోవడం పండిందంటే, అక్కడ కూడా దెయ్యాలు తమ భయాన్ని నిజంగా పడ్డాయి కాబట్టి.

మీ జాబితాలో లేనిది, ఉండాల్సింది ఇంకొకటి: 1985 నాటి హాంకాంగ్ సినిమా మిస్టర్ వాంపైర్. అందులోది జియాంగ్‌షీ, చైనా వాళ్ళ గెంతే శవం. దానికి శిలువ, వెల్లుల్లి పట్టవు. నుదుటి మీద మంత్రం రాసిన పసుపు కాగితం అంటించాలి, ఊపిరి బిగబడితే మనిషిని పసిగట్టలేదు, కాటు విషం లాగడానికి జిగురు బియ్యం వాడాలి. జిగురు బియ్యం కోసం కొట్టుకు వెళితే వర్తకుడు మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు. మందు పనిచేయదు. కల్తీ వల్ల మంత్రం దెబ్బతినడం తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ వివరించక్కర్లేదు.

టీవీ గురించి రెండు మాటలు. కొత్త టీవీల్లో బొమ్మను నున్నగా చేసే మోషన్ సెట్టింగు ఒకటి ఉంటుంది, కంపెనీకో పేరు. దాన్ని ఆపేయండి, లేకపోతే సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల సినిమా కాస్తా సాయంత్రం సీరియల్‌లా కనిపిస్తుంది. చీకటి సీన్లు కనబడడం లేదని బ్రైట్‌నెస్ పెంచొద్దు, నలుపు బూడిదరంగుకు తిరిగి, దాచిందంతా బయటపడుతుంది. గదిలో లైట్లార్పి, టీవీ వెనక చిన్న దీపం ఒకటి ఉంచితే కళ్ళు లాగవు.

చివరిగా, అసలు హాలోవీన్‌కూ వాంపైర్‌కూ చుట్టరికం లేదు. హాలోవీన్ ఐర్లాండ్ వైపు పండుగ. స్టోకర్ నవలలో కీడు రాత్రి సెయింట్ జార్జ్ పండుగ ముందు రాత్రి, మే 4. రొమేనియా పల్లెల్లో కిటికీలకూ తలుపులకూ వెల్లుల్లి రుద్దేది సెయింట్ ఆండ్రూ పండుగ ముందు రాత్రి, నవంబరు 29న. అంటే ఈ ఏటి జాబితాను సవరించి మళ్ళీ వేయడానికి మీకింకా నాలుగు వారాల గడువుంది. ఒక్కో సినిమా పక్కన నిడివి, ఏ కాపీ చూడాలో, దానికి ముందు ఏది చూసి ఉండాలో, ఈ మూడు ముక్కలు చేర్చితే చాలు. ఆ గడి మాత్రం తీసేయండి.

ఇట్లు,
హారర్ సినిమాల పాఠకులు కొందరు,
విశాఖపట్నం